ఉదయగిరి గరిటెలూ మా కొత్తల్లుడూ

ఉదయగిరి వెళ్ళొచ్చానని చెప్పగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న, కోట ఎక్కారా అని. ఎక్కలేదు. ఆరు రోజులు ఆ కొండ కిందే ఉన్నాను. మెడ నొప్పి పుట్టి తలెత్తినప్పుడల్లా కోట గోడలు కనిపించాయి, అంతే. నేను వెళ్ళింది ఒక మరచేతికి తెలుగు నేర్పించడానికి. ఈ మాట చెప్పాక రెండో ప్రశ్న రాదు. ఎదుటివాళ్ళు నా మొహం వంక జాగ్రత్తగా చూసి, అక్కడ ఎండలు బాగా ఉన్నాయా అంటారు. అందుకే మొదటి నుంచీ రాస్తున్నాను.

ఇరవై ఏళ్ళు కాలేజీలో తెలుగు చెప్పాక, రెండేళ్ళ కిందట హైదరాబాదులో రోబోలు తయారుచేసే ఒక చిన్న ల్యాబ్‌లో చేరాను. వాళ్ళకి మాటలు తెలిసిన మనిషి కావాలట. వాళ్ళ రోబోకి మనిషి ఆకారం ఏమీ లేదు. బల్లకి బిగించే ఒక చెయ్యి, మూడు వేళ్ళు, పైన కెమెరా కన్ను, పక్కన స్పీకరు. దాని చేత తెలుగు పుస్తకాలు గుట్టలుగుట్టలుగా చదివించారు. నునుపు అంటే ఏమిటని అడిగితే గరుకు లేకపోవడం అంటుంది. గరుకు అంటే ఏమిటంటే నునుపు లేకపోవడం అంటుంది. ఈ ఆఫీసుకి పోతే ఆ ఆఫీసుకీ, ఆ ఆఫీసుకి పోతే ఈ ఆఫీసుకీ పంపే గుమాస్తాల వరస. కెమెరా మూసి, అద్దం ముక్కనీ ఇటుకనీ వేళ్ళ కింద పెట్టి, ఏది నునుపో చెప్పమంటే మాత్రం నోరు పెగలదు.

పిల్లలు మాటల్ని చదివి నేర్చుకోరనీ, పట్టుకుని, పడేసి, నోట్లో పెట్టుకుని నేర్చుకుంటారనీ, దీనికీ అలాగే నేర్పాలనీ నేను ల్యాబ్ కమిటీ ముందు ఆవేశంగా మాట్లాడాను. వాళ్ళు చల్లగా విని ఒక షరతు పెట్టారు. ఉదయగిరి చెక్క గరిటెలు ఇరవై తీసుకోవాలి. అక్కడి పనివాళ్ళు ఒక్కోదాన్నీ పరీక్షించి ఏది నునుపంటే అదే నునుపనీ, ఏది గరుకంటే అదే గరుకనీ ఈ చెయ్యి కూడా చెప్పాలి. పంతొమ్మిదన్నా కలవాలి. గడువు వారం. కలవకపోతే తెలుగు పని మూసేసి, చేతిని గోడౌన్‌లో అట్టపెట్టెలు సర్దడానికి పంపేస్తారు. నన్నెక్కడికి పంపుతారో నేను అడగలేదు. తెలిసిన విషయం అడగడం ఎందుకు.

నెల్లూరు నుంచి ఆత్మకూరు

సోమవారం పొద్దున నెల్లూరు స్టేషన్లో రైలు దిగాం, నేనూ, ఇంజనీరు ప్రణతీ, ఒక పొడుగాటి పెట్టే. ప్రణతికి ఇరవై ఏడేళ్ళు. నవ్వదు, అబద్ధం ఆడదు, పెన్సిలు లేకుండా ఎక్కడికీ రాదు. ఆత్మకూరు నుంచి మా కోసం ఓమ్నీ వ్యాన్ తెచ్చిన ప్రభుదాసు పెట్టె చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"ఏంది మేడమ్ ఇది, శవప్పెట్టె మాదిరి ఉండాది?"

"రోబో చెయ్యి."

"ఒక్క చెయ్యేనా? మిగతాది పార్సెల్లో వస్తాదా?"

ప్రణతి అతనికి జాగ్రత్తలు చెప్పింది. కుదుపులు తగలకూడదు. ఎండ పడకూడదు. దుమ్ము అసలే పడకూడదు. దించేటప్పుడు ఇద్దరు పట్టుకోవాలి, దించాక పక్కన ఫ్యాన్ పెట్టాలి. ప్రభుదాసు అంతా విని తలూపాడు.

"అర్థమైపోయినాది. కొత్తల్లుడు."

ఆ పేరు అతుక్కుపోయింది. ల్యాబ్ వాళ్ళు పెట్టిన పేరులో ఆరు అక్షరాలూ రెండు అంకెలూ ఉన్నాయి. దాన్ని మళ్ళీ ఎవరూ పలకలేదు, చివరికి ప్రణతి కూడా.

ఆత్మకూరులో ఎర్రకారం దోసె తిన్నాం. మా గోదావరి వైపు కారాన్ని దోసెకి పక్కన పెడతారు, తినేవాడికి తప్పించుకునే దారి ఉంటుంది. ఇక్కడ లోపలంతా పూసి మడిచి, పైన నెయ్యి వేసి అమాయకంగా తెచ్చి పెడతారు. నలభై రూపాయలు. మొదటి ముక్కకి చెవులు మూసుకుపోయాయి. మూడో ముక్కకి ఇంకోటి చెప్పాను. మా వైపు హోటల్లో ఏం తీసుకుంటారండీ అని అడుగుతారు. ఇక్కడ వడ్డించే ఆయన నా ముందు నిలబడి "ఏంది, చెప్పు" అన్నాడు. నేను ఏదో తప్పు చేశాననుకున్నాను. ఆయనే అడక్కుండా రెండోసారి చట్నీ పోసి, నా కళ్ళ నీళ్ళు చూసి గ్లాసుడు మజ్జిగ తెచ్చి పెట్టి, దానికి డబ్బులు తీసుకోకుండా వెళ్ళిపోయాడు. ఈ ప్రాంతం మర్యాద మాటల్లో వెతికితే దొరకదని అప్పుడే నాకు అర్థమై ఉండాల్సింది.

ఉదయగిరి

ఆ రాత్రి ఆత్మకూరులోనే ఆగి, మంగళవారం పొద్దున ఉదయగిరి చేరాం. చుట్టూ మెట్ట చేలు, వెనక కొండ, ముందు బస్టాండు. గరిటెల వీధి ఎక్కడని అడగక్కర్లేకపోయింది. ఇనప ఆకురాళ్ళు చెక్కని గీకే చప్పుడు పది ఇళ్ళ నుంచి ఒకేసారి వస్తోంది.

మాకు నేర్పడానికి ఒప్పుకున్న మస్తాన్‌బీ గారికి యాభై అయిదేళ్ళుంటాయి. పన్నెండేళ్ళప్పటి నుంచీ ఇదే పని. ఇంటి ముందు రేకుల పంచలో కూర్చుని, కాలి బొటనవేలితో చెక్కని నొక్కి పట్టి, కత్తితో గుంత తీస్తోంది. కొండ మీద దొరికే నర్ది చెక్క, బిక్కి చెక్క ఆమె వెనక మోపులుగా ఉన్నాయి. గోడకి తగిలించిన వాటిలో అన్నం గరిటెలు, పచ్చడి స్పూన్లు, ఫోర్కులు, దువ్వెనలు. కొన్నిటి కాడల చివర ఆకులూ పూలూ చెక్కి ఉన్నాయి. చిన్న స్పూను ముప్పై రూపాయలు. కాడ మీద లతలున్న పెద్ద గరిటె మూడొందలు. బేరం ఆడబోతే ఆమె గరిటె నా చేతికిచ్చి, "నువ్వు చెయ్యమ్మా, నేను కొంటా" అంది.

మొదటి పూటే నన్ను నువ్వు అంది. నాకు భలే నచ్చింది.

కొత్తల్లుణ్ణి పంచలోకి దించి, బల్లకి బిగించి, ఫ్యాన్ పెట్టాం. మస్తాన్‌బీ దాన్ని ఎగాదిగా చూసింది.

"దీనికి తిండేంది?"

"కరెంటు" అంది ప్రణతి.

"అయితే ఈ ఊళ్ళో పస్తులే."

ఆమె నోటి నుంచి మాట పడీ పడకముందే కరెంటు పోయింది. ప్రణతి వ్యాన్ బ్యాటరీ నుంచి తీగ లాగింది. ఆ తీగ తగులుకుని ప్రభుదాసు టీ గ్లాసులతో సహా పడ్డాడు. అల్లుడికి మొదటి మర్యాద అలా జరిగింది.

నేర్పే పద్ధతి చెప్పడానికి తేలిక. మీట నొక్కితే దాని మణికట్టు వదులవుతుంది. మనం ఆ మణికట్టు పట్టుకుని, చిన్నపిల్లల చేత పలక మీద దిద్దించినట్టు, వస్తువుల మీద నడిపిస్తాం. నడిపిస్తూ మాట అంటాం. వేళ్ళకి తగిలిందీ చెవిన పడిందీ రెండూ కలిపి అది దాచుకుంటుంది. పొద్దున్నుంచీ మస్తాన్‌బీ దాని చెయ్యి పట్టుకుని చెక్క ముట్టించి గట్టి అనీ, పరుపు ముట్టించి మెత్తన అనీ చెప్తూనే ఉంది. సాయంత్రం ప్రభుదాసు వేడి వేడి బోండాలు తెచ్చి, ఒకటి దాని వేళ్ళ మధ్య పెట్టాడు, తమాషాకి. అది మూసింది. మూస్తూనే ఉంది. బోండా నాలుగు వైపులా బయటికొచ్చింది. స్పీకరు గొంతు సవరించుకున్నట్టు ఒక్కసారి గరగరమని, "మెత్తన" అంది.

ఎవరూ అడగలేదు. బోండా అనే వస్తువు దానికి ఎవరూ పరిచయం చెయ్యలేదు. వేళ్ళకి తెలిసింది, చెప్పింది. నేను చప్పట్లు కొట్టాను. ప్రణతి నవ్వింది, ఇది మరింత పెద్ద వింత. ప్రభుదాసు నలిగిన బోండాని చూసి, "మా ఇంటికొచ్చిన అల్లుడు ఇంతకన్నా ఘోరంగా తిన్నాడు" అన్నాడు.

మెల్లంగా

బుధవారమంతా గరిటెలు విరగ్గొట్టడంలో గడిచింది. పట్టుకోమంటే విరిచేదాకా పట్టుకుంటుంది. మస్తాన్‌బీ ఒక చేత్తో దాని మణికట్టు పట్టుకుని, రెండో చేత్తో దాని మోచేతి మీద ఒక్కటి వేసి, "మెల్లంగా నాయనా, మెల్లంగా" అనేది. ఏడో గరిటె దగ్గర అది గరిటెని విరవకుండా ఎత్తింది. ఎత్తుతూ తనే "మెల్లంగా" అంది. తెలుగు టీచరుగా మెల్లగా అని నేర్పిద్దామని నేను రాసుకున్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. అది అప్పటికే నెల్లూరు జిల్లా మనిషి అయిపోయింది.

ఆ తర్వాత దానికి పట్టపగ్గాలు లేవు. కెమెరా మూసి, చేతికి అందినదల్లా ముట్టించాం. ప్రభుదాసు గడ్డం గీసుకుని నాలుగు రోజులైంది. అతని బుగ్గ ముట్టుకుని "గరుకు" అంది. మేక చెవి ముట్టుకుని "మెత్తన" అంది, మేక మాత్రం తన అభిప్రాయం వేరేగా చెప్పి వెళ్ళింది. మస్తాన్‌బీ అరచెయ్యి ముట్టుకుని "గట్టి" అంది.

ఆమె పగలబడి నవ్వింది. "నలభై ఏండ్లకి పైనే ఆకురాయి పట్టినా నాయనా. ఈ వేళ్ళకి టీ గ్లాసు వేడి కూడా తెలవదు." నేను కొంగుతో పట్టుకున్న గ్లాసునే ఆమె ఉత్త చేత్తో పట్టుకుని ఉంది.

నేను చూస్తూ కూర్చోవడం ఆమెకి నచ్చలేదు. "ఊరికే కూర్చోబాకమ్మా, చేతికి పని పెట్టుకో" అని ఒక బిక్కి చెక్క ముక్కా, ఆకురాయీ నా ఒళ్ళో పడేసింది. ఆ రోజు మొదలుపెట్టిన గరిటె ఆదివారం దాకా గీకాను. ఒక పక్క లావు, ఒక పక్క సన్నం, మధ్యలో గుంత ఉందో లేదో అన్నట్టు ఉండేది. చూసిన ప్రతిసారీ ఆమె "బాగుండాది" అనేది. నాకు లోపల్లోపల పొంగుగా ఉండేది.

గురువారం దాకా ఆ మూడు రోజుల్లోనూ ఆమె ప్రతి గరిటె పూర్తికాగానే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఒక్క క్షణం అటు తిరిగేది. మళ్ళీ ఇటు తిరిగి, నునుపు అనో గరుకు అనో చెప్పేది. చెక్కపొడి తుడుచుకుంటోంది కాబోలు అనుకున్నాను.

పదకొండు

గురువారం సాయంత్రం ఇరవై గరిటెలతో నమూనా పరీక్ష పెట్టాం. ముందు మస్తాన్‌బీ చెప్పింది. తర్వాత కొత్తల్లుడు. ప్రణతి పెన్సిలుతో గీతలు పెట్టుకుని లెక్క తేల్చింది. పదకొండు కలిశాయి.

ప్రభుదాసు జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి, బొమ్మ పడితే నునుపు, అంకె పడితే గరుకు అని ఇరవైసార్లు ఎగరేశాడు. బిళ్ళకి పన్నెండు వచ్చాయి.

అందరం నవ్వాం గానీ నాకు నిజంగా ఏడుపొచ్చింది. నలభై ఏడేళ్ళ వయసులో, రోబో మాటలు నేర్చుకోగలదని అందరి ముందూ బల్లగుద్ది చెప్పి, రూపాయి బిళ్ళ చేతిలో ఓడిపోయాను. ఎక్కడ తప్పుతోందో తెలియడం లేదు. మేక చెవినీ గడ్డాన్నీ సరిగ్గా చెప్పిన వేళ్ళే గరిటెల దగ్గరికొచ్చేసరికి తేలిపోతున్నాయి. మస్తాన్‌బీ నునుపు అన్నదాన్నీ గరుకు అన్నదాన్నీ నేను పక్కపక్కన పెట్టుకుని వేలితో రాసి చూశాను. నా వేలికీ రెండూ ఒకటే.

"రేపు శుక్రవారం. నేను పనిలో కూర్చోను, పేటకి పోతా" అంది మస్తాన్‌బీ. "మీరూ రాండి. ఒక దినం దాన్ని గమ్మున ఉండనీండి. అల్లుళ్ళని రోజూ సతాయిస్తే అలుగుతారు."

శుక్రవారం, పేటలో

అనుమసముద్రంపేట అని పూర్తిగా పలికేవాళ్ళు నాకు తగల్లేదు. పేట అంటే చాలు. దర్గాకి వెళ్ళే వీధి రెండు వైపులా గులాబీలు, అగరొత్తులు, గాజులు, మిఠాయిలు, బొమ్మలు. ఏ మతం వాళ్ళు ఎవరో చెప్పలేనంత కలగలుపు జనం. ప్రభుదాసుది బాప్టిస్టు కుటుంబం. అతను బయట మా చెప్పులకి కాపలా కూర్చుని, ఎవరో పంచిన చక్కెర మూడుసార్లు తీసుకున్నాడు. మా వైపు గుడిలో ప్రసాదం రెండోసారి చెయ్యి చాపితే పూజారి గుర్తుపడతాడు. ఇక్కడ గుర్తుపట్టి మరీ ఇంకొంచెం పోశారు.

బయటికొచ్చాక మస్తాన్‌బీని అడిగాను, ఏం మొక్కుకున్నారని.

"ఇంకేముంటాది. మీ అల్లుడి సంగతే."

ఆమె చెల్లెలి మనవరాలికి ఆరు నెలలు. దానికి గలగలలాడే గిలక కొనాలని బొమ్మల దుకాణం ముందు ఆగాం. రంగు రంగుల చెక్క గిలకలు. మస్తాన్‌బీ ఒకటి తీసుకుంది. నాలిక చివరతో కింది పెదవి తడి చేసుకుంది. గిలక అంచుని ఆ పెదవి మీద ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా రాసింది. "గరుకు" అని పక్కన పెట్టేసింది. ఇంకోటి తీసుకుంది.

"అమ్మా, నోట్లో పెడితే కొనాల" అన్నాడు దుకాణదారు.

"పెదిమే పెట్టినాలే" అని ఆమె మూడోదాన్ని రాసుకుంది.

నేను ఆ పక్కన పెట్టేసిన గిలక తీసుకుని వేలితో రాశాను. అద్దంలా ఉంది. పెదవి తడి చేసుకుని రాశాను. సన్నగా, వెంట్రుక ముక్కలా ఏదో గుచ్చుకుంది.

"మీరు గరిటెలకీ ఇలాగే చూస్తారా?"

"మరెట్ట చూస్తారు? వేలితో చూసేదానికి నా వేలికి ఏం తెలస్తాది, చెప్పినా గదా. ఎండు చెక్క ఎవరికైనా నునుపేనమ్మా. తడి తగిల్తే పీచు లేస్తాది. గరిటె పోయేది యాడికి, నోట్లోకి గదా."

"మరి మా ముందు ఒక్కసారీ చెయ్యలేదేం?"

ఆమె కొంగు సర్దుకుంది. "కెమెరా ముందర నోటి కాడ పెట్టుకుంటారా ఎవరైనా? సిగ్గుండద్దా? అందుకే అటు తిరిగి చూసి చెప్పినా."

మూడు రోజులు మేం ఆమె వేళ్ళనే చూశాం. కొత్తల్లుడి కన్ను కూడా వేళ్ళనే చూసింది. నునుపు అనే మాట పుట్టే చోటు మాత్రం కొంగు వెనక ఉండిపోయింది. పైగా పిల్లలు నోట్లో పెట్టుకుని నేర్చుకుంటారని కమిటీకి ఉపన్యాసం ఇచ్చింది ఎవరు? నేనే. వీధి మధ్యలో నిలబడి గట్టిగా నవ్వాను. దుకాణదారు మిగిలిన గిలకల మీద గుడ్డ కప్పాడు.

నాలుగు దుకాణాల అవతల మందుల షాపులో పాలసీసా రబ్బరు పీకలు అడిగాను, పన్నెండు.

"ఎన్ని నెలల బిడ్డకమ్మా?"

నేను నోరు తెరిచేలోపు ప్రభుదాసు చెప్పాడు. "బిడ్డకి కాదు, కొత్తల్లుడికి."

షాపాయన పన్నెండూ లెక్కపెట్టి ఇచ్చాడు. జత నలభై రూపాయలు, చిల్లర చేతిలో పెట్టకుండా బల్ల మీదుగా తోశాడు.

తిరుగు దారిలో నాకొక అనుమానం వచ్చింది. మా ఇంట్లో కూడా ఉదయగిరి గరిటె ఒకటుంది. మస్తాన్‌బీ నా మొహం చూసి కనిపెట్టేసింది. "వేడినీళ్ళల్లో కడిగి, ఎండబెట్టి, నూనె పూసినాకనే అమ్మేది. భయపడబాక."

పెదవి

శనివారం పొద్దున ప్రణతి రబ్బరు పీకని కత్తిరించి కొత్తల్లుడి నడిమి వేలికి తొడిగింది. ఆ వేలి లోపల గీరుకునే చప్పుడు కూడా వినే చిన్న మైకు ముక్క ఉంది. పక్కన గిన్నెలో నీళ్ళు. అది వేలు నీళ్ళలో ముంచి, గరిటె అంచు మీద ఈ చివర నుంచి ఆ చివరకి రాయాలి. అలా మా అల్లుడికి పెదవి వచ్చింది.

మస్తాన్‌బీ కెమెరా ముందు చూపించడానికి ఒప్పుకుంది, ఒక షరతు మీద. మగవాళ్ళు గోడ వైపు తిరిగి కూర్చోవాలి. అక్కడున్న మగవాడు ప్రభుదాసు ఒక్కడే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అతను గోడకి ఎదురుగా కూర్చుని, అక్కడి విశేషాలు చెప్తూ వచ్చాడు. "బల్లి వచ్చినాది. బల్లి పోయినాది. సున్నం పెచ్చు ఒకటి ఊడేటట్టు ఉండాది."

వీధిలో ఎన్ని ఇళ్ళున్నాయో అన్ని ఇళ్ళ గరిటెలూ వచ్చాయి. మస్తాన్‌బీ పెదవికి రాసుకుని మాట అంటుంది. అదే గరిటెని కొత్తల్లుడు తన రబ్బరు పెదవికి రాసుకుంటుంది. పీచు లేచినవాటిని ఆమె "గరుకు. ఇంకా" అని తిరిగి ఆకురాయి పనికి పంపేది. మధ్యాహ్నానికి అది కూడా గరుకు అన్న ప్రతిసారీ, మేం నేర్పకుండానే, "ఇంకా" అనడం మొదలుపెట్టింది. సాయంత్రానికి ఏడు పీకలు చిరిగిపోయాయి. మాకు ఆకలి కూడా గుర్తులేదు. రాగి సంగటీ, వేరుశనగ పచ్చడీ ఆమె ముద్దలు చేసి మా చేతుల్లో పెడితే నిలబడి తిన్నాం.

ఆదివారం

పరీక్ష ప్రభుదాసు చర్చి నుంచి వచ్చాకే అని ముందే ఒప్పందం. పదకొండున్నరకి తెల్లచొక్కాతో దిగాడు.

"ఆలస్యమైపోయినాది మేడమ్. మన చేతి కోసం ప్రార్థన చేయించినా. ఏ చెయ్యి, కుడా ఎడమా అని పాస్టరు గారు అడిగినారు, చెప్పేసరికి ఇంతసేపు."

కొత్తల్లుడు ఎప్పుడూ ముట్టని గరిటెలు కావాలి. పై వీధి ఇళ్ళ నుంచి తెచ్చినవి లెక్కపెడితే పంతొమ్మిదే ఉన్నాయి. నేను గర్వంగా నా గరిటె తీసి ఇరవయ్యోదిగా పెట్టాను.

ముందు మస్తాన్‌బీ. కెమెరా తిరుగుతోంది. ఒక్కోటీ చూసి నునుపు ఒక వైపు, గరుకు ఒక వైపు పెట్టింది. నాది రాగానే నా వీపు మీద చెయ్యి వేసి, "ఇది మా అమ్మ చేసింది, బాగుండాది" అని నునుపు వైపు పెట్టింది. అయిదు రోజుల కష్టం, నాకు కళ్ళు చెమర్చాయి.

తర్వాత అన్నీ కలిపేసి కొత్తల్లుడి ముందు పెట్టాం. ముంచడం, రాయడం, చెప్పడం. ఒకటి, రెండు, మూడు కలిశాయి. ఏడోది ఫోర్కు. పళ్ళ సందున పెదవి ఇరుక్కుని తప్పు చెప్పింది. మిగతావి వరసగా కలుస్తూ పోయాయి. గోడ వైపు తిరిగి ఉన్న ప్రభుదాసు వేళ్ళు మడుస్తున్నాడు. పంతొమ్మిదోది అయ్యేసరికి పద్దెనిమిది. ఇంక ఒక్కటి కలిస్తే గెలిచాం. ఆ ఒక్కటీ నాదే.

వేలు ముంచింది. నా గరిటె అంచు మీద సగం దాకా రాసి ఆగింది. మళ్ళీ మొదటి నుంచి రాసింది.

"గరుకు" అంది. "ఇంకా."

ప్రణతి కాగితం మీద పద్దెనిమిది అని రాసి, కింద గీత గీసింది. నాకు ఓడిపోయినందుకన్నా, నిజం చెప్పాలంటే, నా గరిటెని అలా అన్నందుకు ఎక్కువ మండింది. మూడు వేళ్ళ దానికి ఏం తెలుసు, మస్తాన్‌బీకన్నా తెలుసా అనుకున్నాను.

ప్రణతి మాత్రం వీడియో వెనక్కి తిప్పి చూస్తోంది, ఫోర్కు దగ్గర ఏం జరిగిందో తెలుసుకోవాలని. చూస్తూ చూస్తూ పెన్సిలుతో గీతలు పెట్టడం మొదలుపెట్టింది. చివరికి తలెత్తింది.

"మస్తాన్‌బీ గారూ, మీరు పంతొమ్మిదిసార్లే పెదవికి పెట్టుకున్నారు. మేడమ్ గరిటె పెట్టుకోలేదు."

మస్తాన్‌బీ నా వైపు చూడలేదు. చెక్కపొడి లేని చోట చీర దులుపుకుంది.

"పెట్టి చూస్తే చెప్పాల్సొస్తాది గదమ్మా" అంది. "అందుకని చూడలా."

ఆత్మకూరులో అడక్కుండా తెచ్చి పెట్టిన మజ్జిగ నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఇంటికొచ్చిన మనిషి, చేతులు బొబ్బలెక్కేలా గీకింది, ఆమె మనసు నొప్పించకూడదు. అబద్ధమూ ఆడకూడదు. అందుకని పెదవికే పెట్టుకోలేదు.

"ఇప్పుడు చూడండి" అన్నాను.

"వద్దులేమ్మా. కష్టపడి చేసినావు."

"అది గరుకైతే మేం గెలుస్తాం. మర్యాద పక్కన పెట్టి చూడండి."

ఆమె గరిటె తీసుకుంది. పెదవి తడి చేసుకుంది. సగం దాకా రాసి, చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. పెదవి మీద నుంచి సన్నటి పేడు ఒకటి తీసి నాకు చూపించింది.

"గరుకేనమ్మా" అంది. "బుధవారం నుంచీ గరుకే."

పరీక్షించి చెప్పిన మాటే లెక్క అని షరతు కాగితంలో ఉంది. ప్రణతి దాన్ని రెండుసార్లు చదివింది, ఆమెకి తృప్తి కావాలి కదా. తర్వాత పద్దెనిమిది కొట్టేసి పంతొమ్మిది రాసింది. జన్మలో నేను చేసిన పనిని ఎవరైనా బాగాలేదంటే అంత సంతోషపడటం అదే మొదలు. మస్తాన్‌బీని పట్టుకుని గిరగిరా తిప్పాను. "వదులమ్మా, పడతా, పడతా" అని ఆమె అరుస్తోంది. ప్రభుదాసు అనుమతి లేకుండానే ఇటు తిరిగి, గెలుపుని దర్గాకీ చర్చికీ సగం సగం పంచుతూ లెక్క చెప్తున్నాడు. ఆ గొడవలో ఎవరి చెయ్యో పట్టుకోమనే మీటకి తగిలి, కొత్తల్లుడు ప్రభుదాసు తెల్లచొక్కా కాలరు పట్టుకుంది. పట్టుకుని "మెల్లంగా" అంది.

ఇంటికొచ్చాక

కొత్తల్లుడు ఇప్పుడు ల్యాబ్‌లోనే ఉంది, అట్టపెట్టెల గండం గడిచింది. నా గరిటె మా వంటింట్లో ఉంది. రోజూ సాయంత్రం కాఫీ అయ్యాక ఆకురాయితో కాసేపు గీకుతాను. వచ్చిన చుట్టాలందరూ దాన్ని చేతిలోకి తీసుకుని బాగుందండీ అంటారు. ఎవరూ పెదవికి పెట్టుకోరు. నేనూ పెట్టుకోమనను.

మొన్న మస్తాన్‌బీ ఫోన్ చేసింది. వెనక ఆకురాయి చప్పుడు వినిపిస్తూనే ఉంది. అల్లుడు ఎట్టుండాడని అడిగింది, ప్రణతి నవ్వుతా ఉండాదా అని అడిగింది. చివర్లో, "నీ గరిటె ఎట్టుండాదమ్మా?" అంది.

బాగుందని చెప్పొచ్చు. ఆమె ఉన్నది ఉదయగిరిలో, చూడబోదు. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, గరిటె తీసుకుని, పెదవి తడి చేసుకుని, ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా రాశాను.

"ఇంకా" అన్నాను.

అవతల ఆకురాయి ఆగిపోయింది. మస్తాన్‌బీ నవ్వు మొదలైంది.